దుమ్మా, రాయా? – సవారీ బాధ్యతను గురించి ఫిఖ్హ్ చరిత్ర చెప్పే పాఠం

మన పట్టణాలలో ముస్లిముల మోటారు వాహనాలు చాలావాటిలో, ముందు అద్దం దగ్గర, సవారీ ఎక్కేటప్పుడు చదివే దుఆ అతికించి ఉంటుంది. దివ్యఖుర్ఆన్‌లోని జుఖ్రుఫ్ సూరా 13, 14 ఆయతుల నుండి తీసుకొన్న ఈ దుఆను చాలామంది ప్రమాదాల నుండి కాపాడే రక్షణగానే భావిస్తారు. దాని అర్థాన్ని గమనించినవారికి అందులో మూడు విషయాలు కనిపిస్తాయి. ఈ వాహనాన్ని మనకు వశపరచినవాడు అల్లాహ్. దానిని అదుపు చేసే శక్తి మనకు స్వతహాగా లేదు. చివరకు మనమందరమూ ఆయన వద్దకే మరలిపోవలసినవారము. మొదటిది కృతజ్ఞత, రెండవది అణకువ, మూడవది లెక్క. ఎక్కే క్షణంలోనే లెక్క చెప్పవలసిన దినాన్ని గుర్తు చేసే దుఆ ఇది.

నహ్ల్ సూరా 8వ ఆయతు గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు సవారీకీ, శోభకూ సృష్టించబడినవని తెలిపి, మీరెరుగని వాటిని కూడా ఆయన సృష్టిస్తాడని సూచిస్తుంది. ఆధునిక కాలపు వ్యాఖ్యాతలలో కొందరు ఈ చివరి మాట పరిధిలోకి రైలును, మోటారును, విమానాన్ని చేర్చి చూశారు. ఎరుగని వాహనం వచ్చినది, సరే. దానితోపాటు ఎరుగని హాని కూడా వచ్చినట్లయితే, ఆ హానికి బాధ్యులెవరు? మోటారు కారు పొగ వలన భూగోళం వేడెక్కుతున్నదని రుజువైన ఈ కాలంలో మనం అడగవలసిన ప్రశ్న ఇది. ఈ వ్యాసకర్త అనువాదకుడే గాని ముఫ్తీ కాడు; ఫత్వా ఇవ్వడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మన ధర్మశాస్త్ర చరిత్రలో ఈ ప్రశ్నకు పనికివచ్చే సామగ్రి ఎంత ఉన్నదో పాఠకుల ముందుంచడమే ఉద్దేశం.

సవారీ పంచుకొన్న కాలం

హిజ్రీ 2వ సంవత్సరంలో (క్రీ.శ. 624) బద్ర్‌కు బయలుదేరిన ముస్లిములు మూడు వందల పైచిలుకు. వారి వద్ద ఉన్న ఒంటెలు డెబ్బది మాత్రమే. ఒక్కొక్క ఒంటెను ఇద్దరు, ముగ్గురు వంతులు వేసుకొని ఎక్కేవారు. దైవప్రవక్త (స) వంతులో మరి ఇద్దరు సహచరులుండేవారు. ఆయన నడవవలసిన వంతు వచ్చినప్పుడు, ఆయన బదులు తామే నడుస్తామని వారు కోరగా ఆయన అంగీకరించలేదు. నడవగల బలంలో వారు తనకంటె ఎక్కువవారు కారనీ, పుణ్యం అవసరంలో తాను వారికంటె తక్కువవాడిని కాననీ అన్నారని ఉల్లేఖనం తెలుపుతున్నది.

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసులలో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవడం మంచిది. ఒకటి బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. దారి పక్కన కూర్చోక తప్పనివారు దారికి దాని హక్కు ఇవ్వాలని, ఇతరులకు బాధ కలిగించకుండుట ఆ హక్కులలో ఒకటని అది బోధిస్తుంది. రెండవది ముస్లింలోనిది. తన అవసరానికి మించిన సవారీ ఉన్నవాడు, సవారీ లేనివానికి దానిని ఇవ్వాలని దాని సారాంశం. దారి అందరిది, సవారీ అనుగ్రహం, పంచుకొనదగినది. తరువాతి శతాబ్దాలలో ధర్మశాస్త్రం కట్టుకొన్న భవనానికి పునాది ఈ రెండు మాటలలో కనిపిస్తుంది.

హిదాయాలోని గుర్రం

ఫర్గానా లోయకు చెందిన ఇమాం బుర్హానుద్దీన్ మర్గీనానీ (మ. హి. 593, క్రీ.శ. 1197) రచించిన హిదాయా మన దేశపు మదరసాలలో ఎన్నో తరాలుగా పాఠ్యగ్రంథం. ఈస్టిండియా కంపెనీ కాలంలో దానిని పారశీక అనువాదం ద్వారా చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1791లో నాలుగు సంపుటాలుగా వెలువడిన ఆ అనువాదం చాలాకాలం ఈ దేశపు న్యాయస్థానాలలో చలామణి అయినది. అందులో పశువుల వలన కలిగే హానిని గురించిన అధ్యాయమొకటి ఉన్నది. మదరసాలో చదివే రోజులలో మేము దానిని త్వరత్వరగా దాటిపోయేవారము. గుర్రాలూ, ఒంటెలూ ఎక్కడున్నాయి, ఇదంతా గతించిన లోకం అనుకొనేవారము. ఏళ్ల తరువాత అనువాదానికి కూర్చొని ఒక్కొక్క మాట తూచవలసి వచ్చినప్పుడు, మా అభిప్రాయం పొరపాటని తెలిసినది.

ఆ అధ్యాయానికి ప్రాణమైన సూత్రం ఇది: ముస్లిముల రహదారిలో నడవడం అందరికీ అనుమతించబడినదే, అయితే ఎదుటివారి క్షేమమనే షరతుకు లోబడి. ఎందుకనగా దారిన పోయేవాడు ఒకవైపు నుండి తన హక్కును, మరొకవైపు నుండి ఇతరుల హక్కును వాడుకొంటున్నాడు. దారి ఉమ్మడి గనుక. అయితే ఈ షరతు తప్పించగల హానికే వర్తిస్తుంది. తప్పించలేని దానికి కూడా వర్తింపజేస్తే ఎవరూ గడప దాటలేరు.

ఈ సూత్రం నుండి వివరాలు పుట్టినవి. సవారీ చేసేవాని పశువు తొక్కినా, కరచినా, తలతో పొడిచినా అతనిపై జమాన్, అనగా పరిహార బాధ్యత, ఉన్నది. ముందున్న దానిని అతడు చూడగలడు. నడుస్తున్న పశువు వెనుక కాలితో తన్నినా, తోకతో కొట్టినా బాధ్యత లేదు. నడుస్తుండగా దానిని ఆపడం అతని చేతిలో లేదు. కాని అదే పశువును అతడు రహదారిలో నిలబెట్టి ఉంచగా తన్నితే బాధ్యత ఉన్నది. తన్నును ఆపలేకపోవచ్చును గాని, నిలబెట్టకుండా ఉండగలడు కదా! శుక్రవారం నాడు మసీదు ముందు రోడ్డుకు అడ్డంగా కార్లు నిలిపి నమాజుకు పరుగెత్తే మనం ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగి ఆలోచించవలసి ఉన్నది.

ఇక ఈ వ్యాసానికి పేరిచ్చిన వివరం. పశువు నడకలో లేచిన దుమ్ముగాని, గిట్టల కింది నుండి ఎగిరిన చిన్న రాయిగాని, ఖర్జూరపు గింజగాని ఎవరి కంటికైనా తగిలి కన్ను పోయినా సవారుపై బాధ్యత లేదు. పెద్ద రాయి ఎగిరి తగిలితే బాధ్యత ఉన్నది. కారణమేమనగా, దుమ్ము లేకుండా పశువు నడక ఉండదు. పెద్ద రాయి మాత్రం మామూలు నడకలో ఎగరదు, సవారు దురుసుగా తోలినందు వలననే ఎగురుతుంది. నష్టం రెండింటిలోనూ ఒక్కటే, పోయినది కన్నే. తేడా అంతా తప్పించగలిగినదా, కాదా అనే దానిలో ఉన్నది.

మరొక వివరాన్ని కూడా గుర్తుంచుకొందాము. ఒకదాని వెనుక ఒకటి కట్టిన ఒంటెల వరుసను ముందుండి నడిపేవాడు, ఆ వరుసలోని ఏ ఒంటె తొక్కినా బాధ్యుడు. వెనుక నుండి తోలేవాడు కూడా ఉంటే బాధ్యత ఇద్దరిదీ. పగ్గం పట్టినవాడు, తాను ఫలానా ఒంటెను చూడలేదని తప్పించుకొనలేడు.

పొగపై విచారణ

సవారీ ఒకవైపు ఉండగా, పొగ విషయమై మన పూర్వులు విడిగా ఆలోచించారు. హి. ఆరవ శతాబ్దానికి చెందిన షైజరీ రాసిన హిస్బా గ్రంథం నగర పర్యవేక్షకుడైన ముహ్తసిబ్‌కు కరదీపిక వంటిది. రొట్టెల భట్టీల కప్పులు ఎత్తుగా ఉండాలని, పొగ పోవడానికి వెడల్పైన మార్గాలుండాలని అందులో ఉన్నది. కట్టెల మోపులూ, గడ్డి మోపులూ బజారులోకి తెచ్చి జనానికి ఇబ్బంది కలిగించరాదని, పశువులపై శక్తికి మించిన బరువు వేయరాదని కూడా ఉన్నది. ట్యూనిస్ నగరంలో క్రీ.శ. పద్నాలుగవ శతాబ్దంలో జీవించిన ఇబ్నుర్రామీ స్వయంగా కట్టడపు పనివాడు. కట్టడాల ధర్మశాస్త్రంపై ఆయన మాలికీ మజ్‌హబ్ ననుసరించి రాసిన గ్రంథంలో స్నానశాలల పొగ, భట్టీల పొగ పొరుగువారికి కలిగించే హాని ఒక ప్రత్యేక విచారణాంశం.

ఈ విచారణ అంతా ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 నుండి 1876 వరకు, అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వాన, మజల్లా అనే పేరుతో 1851 నిబంధనల శాసన రూపం పొందినది. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అనే ప్రసిద్ధ సూత్రం అందులో 19వ నిబంధన. ప్రజలందరి హానిని తప్పించడానికి కొందరి హానిని భరించవలెనన్నది 26వది. రహదారిలో నడిచే హక్కు ఇతరుల క్షేమానికి లోబడినదనే హిదాయా సూత్రం 926వ నిబంధనగా నిలిచినది. ఒకని భట్టీ పొగ వలన పొరుగువాడు తన ఇంట కాపురముండలేకపోతే అది మితిమీరిన హాని, దానిని తొలగించవలెనని 1200వ నిబంధన చెప్పినది. సవారీ చట్టం ఒకచోట, పొగ చట్టం మరొకచోట ఉన్నవి. సవారీయే పొగ కక్కుతుందని ఆ పెద్దలు ఊహించి ఉండరు. మజల్లా పూర్తయిన పదేళ్లకు, 1886లో, జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు పొందాడు.

రెండు సంవత్సరాలు: 1908, 1938

1908 మే నెలలో ఇరాన్‌లోని మస్జిదె సులైమాన్ వద్ద పశ్చిమాసియాలోని మొట్టమొదటి పెద్ద చమురు బావి పడినది. అదే సంవత్సరం అక్టోబరులో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తన మోడల్ టి కారును బజారుకు తెచ్చాడు. ధనవంతుల వేడుకగా ఉన్న కారు మధ్యతరగతి వాకిట్లోకి వచ్చినది ఆ మోడల్‌తోనే. చమురు ముస్లిముల నేల నుండి, కారు పాశ్చాత్యుల కార్ఖానా నుండి ఒకే ఏట బయలుదేరినట్లయినది.

1938 మార్చిలో సౌదీ అరేబియాలోని దమ్మామ్ ఏడవ నంబరు బావి నుండి చమురు ఉబికినది. ఆ సంవత్సరమే ఇంగ్లండులో గై కాలెండర్ అనే ఆవిరి యంత్రాల ఇంజనీరు ఒక పరిశోధన పత్రం ప్రకటించాడు. మనుషులు కాల్చే ఇంధనం వలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతున్నదనీ, భూమి వేడెక్కుతున్నదనీ లెక్కలతో చూపించాడు. స్వీడన్ దేశపు అర్హీనియస్ 1896లోనే ఈ సూత్రాన్ని గణించాడు. అయితే ఇద్దరూ ఈ వేడి మానవులకు మేలే చేస్తుందని తలచారు. అందుచేత ఆనాటి వాహనదారుని నిందించడం న్యాయం కాదు. అతనికి తన పొగ కేవలం దుమ్ము.

మన హైదరాబాదు చరిత్రలో కూడా ఈ సందర్భంలో చెప్పదగిన ఘట్టమున్నది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ రోడ్డు రవాణా సంస్థ మొదలైనది. సొంత కార్లు కొద్దిమంది జాగీర్దార్లకే ఉన్న కాలంలో మోటారు సౌఖ్యాన్ని సామాన్యునికి పంచిన ఏర్పాటది. నేటి రెండు తెలుగు రాష్ట్రాల రవాణా సంస్థలు దాని సంతానమే. బద్ర్ ఒంటెల వంతుకు ఆధునిక కాలంలో దగ్గరి పోలిక వెదకితే అది బస్సే.

సీసం నేర్పిన పాఠం

పొగను దుమ్ముగానే భావించాలని లోకాన్ని ఒప్పించిన ఒక ఘట్టాన్ని తప్పక తెలుసుకొనవలెను. ఇంజను చప్పుడు తగ్గి సాఫీగా నడవడానికి పెట్రోలులో సీసం కలిపే పద్ధతిని 1921లో అమెరికాలో కనుగొన్నారు. 1923లో అమ్మకం మొదలైనది. సీసం విషమని లోకానికి పూర్వం నుండి తెలుసు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని ఒక కర్మాగారంలో ఈ రసాయనం వలన ఐదుగురు కార్మికులు మతి చలించి మరణించారు. 1925 మేలో ప్రభుత్వం సమావేశం జరిపినది. డాక్టర్ ఆలిస్ హామిల్టన్ వంటి వైద్యులు దీనిని అనుమతించరాదన్నారు. తయారీదారులు ఇది నాగరికతకు అత్యవసరమన్నారు. హాని రుజువు కాలేదు గనుక నిషేధించడానికి ఆధారం లేదని 1926లో నిర్ణయం వచ్చినది.

ఆ నిర్ణయాన్ని వెనక్కి తిప్పడానికి సుమారు ఒక శతాబ్దం పట్టినది. ఈలోగా ప్రపంచమంతటా పిల్లల రక్తంలోకి సీసం చేరినది. వారి బుద్ధి వికాసం దెబ్బతిన్నది. మన దేశంలో సీసపు పెట్రోలు 2000 ఫిబ్రవరిలో ఆగినది. లోకంలో చిట్టచివరిగా 2021 జులైలో అల్జీరియాలో ఆగినది. చివరి వరకు దానిని వాడిన దేశాలలో ఇరాక్, యెమెన్, అల్జీరియా ఉన్నవని చెప్పడానికి బాధగా ఉన్నది. హాని చేయరాదనే సూత్రాన్ని కంఠస్థం చేసిన ఉమ్మత్ దేశాలే, చివరి వరుసలో నిలిచినవి. కీడుకు దారితీసే మార్గాన్ని ముందే మూయడమనే సద్దుజ్జరాయి మన గ్రంథాలలో ఉన్నది. మన బజారులో లేదు.

దుమ్ము రాయిగా మారిన వైనం

1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని పర్వతంపై గాలిని కొలవడం ప్రారంభించినప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు బొగ్గుపులుసు వాయువు ఉన్నది. నేడది 420 దాటినది. యంత్రయుగానికి పూర్వం సుమారు 280 ఉండేది. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. లీటరు పెట్రోలు బరువే ముప్పాతిక కిలో కదా అని ఆశ్చర్యపడవచ్చును. పెట్రోలులోని కర్బనం కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను తనతో కలుపుకొంటుంది. ఆ అదనపు బరువు దానిది. ఇంధనాల వలన వెలువడే ఈ వాయువులో దాదాపు నాల్గవ వంతు రవాణాది, అందులో అత్యధిక భాగం రోడ్డు వాహనాలది. మానవ చర్యల వలన భూమి వేడెక్కినదనడంలో సందేహానికి తావు లేదని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం 2021లో ప్రకటించినది.

ఈ హాని ఎవరికి తగులుతుంది? 2015 మేలో వచ్చిన వడగాడ్పులకు మన దేశంలో రెండు వేలకు పైగా మనుషులు చనిపోయారు. అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. వారిలో ఎందరో కూలి చేసుకొనే పేదలు, వృద్ధులు. ఏ ఒక్క వడగాడ్పునూ ఏ ఒక్క కారు పొగకూ ముడిపెట్టలేము. కాని భూమి వేడెక్కే కొద్దీ ఇటువంటి గాడ్పులు తరచుగా, తీవ్రంగా వస్తాయన్నది శాస్త్రజ్ఞుల స్థిరమైన మాట. 2022లో పాకిస్తాన్ వరదలలో బాధితులైనవారు మూడు కోట్లకు పైగా. ఓడ హదీసు మనందరికీ తెలిసినదే. నీటి కోసం కింది అంతస్తువారు ఓడకు రంధ్రం చేయబోతే పైవారు వారిని ఆపవలెను, లేకున్న అందరూ మునుగుతారు. మన కాలపు ఓడలో రంధ్రం చేస్తున్నది ఎక్కువగా పై అంతస్తువారు. మొదట మునుగుతున్నది కిందివారు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి హిదాయా నుండే తేవచ్చును. నడిచే పశువు దారిలో పేడ వేసి, మూత్రం పోసి, దానిపై ఎవరైనా జారిపడి మరణించినా సవారుపై బాధ్యత లేదని అదే అధ్యాయంలో ఉన్నది. అవి నడకతో విడదీయరానివి. పొగ కూడా మోటారుకు అటువంటిదే కదా? సరైన ప్రశ్నే. జవాబు ఆ గ్రంథం కారణం చెప్పిన తీరులోనే ఉన్నది. మినహాయింపు పేడకు కాదు, తప్పించలేమన్న అశక్తతకు. పశువు పేడ వేయకుండా చేయలేము. కాని పశువును ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించగలము గనుక, వేరే పనికై నిలబెట్టినప్పుడు అదే పేడకు బాధ్యత వస్తుంది. అదేవిధంగా ఆసుపత్రికి పోయే కారు పొగ, పొట్టకూటికి తిరిగే ఆటో పొగ, బస్సు రాని పల్లెవాని మోటారు సైకిలు పొగ దుమ్మువంటివే. నడచిపోగల దూరానికి, బస్సో రైలో ఉన్న దారికి, ఒక్కడే కూర్చొని రెండు టన్నుల బండిని తోలడం, నిలబడిన చోట చల్లగాలి కోసం గంటసేపు ఇంజను నడిపించడం వేరు. దానిని తప్పించడం అతని చేతిలో ఉన్నది. అది రాయి. అగత్యం అనుమతించేది అగత్యమున్నంత మేరకే అన్నది మజల్లాలో 22వ నిబంధన.

నా ఒక్క కారు పొగ సముద్రంలో చుక్క కదా అనేది రెండవ ఆక్షేపణ. న్యాయాధికారి ముందు ఈ వాదం నెగ్గవచ్చును. ఫలానా పొగ ఫలానా వానిని చంపినదని సాక్ష్యం చూపి పరిహారం రాబట్టే మార్గం లేదు. కాని మన ఉలమా ఇహలోక తీర్పును, అల్లాహ్ ఎదుటి బాధ్యతను ఎప్పుడూ వేరుగా చూశారు. కాజీ విడిచిపెట్టినది ఖియామత్ నాడు కూడా విడిచిపెట్టబడుతుందని ఏ గ్రంథమూ హామీ ఇవ్వలేదు.

మూడవది నిజమైన ఫిర్యాదు. ఊరికి కాలిబాట లేదు, బస్సు సమయానికి రాదు, సామాన్యుడేమి చేయగలడు? ఇక్కడ ఒంటెల వరుస సూత్రాన్ని గుర్తుచేసుకొందాము. పగ్గం పట్టినవాడు వరుసంతటికీ బాధ్యుడు. రోడ్లు వేసే ప్రభుత్వాలు, బండ్లు చేసే కంపెనీలు, చమురు తోడే రాజ్యాలు పగ్గం పట్టినవారు. 2015 ఆగస్టులో ఇస్తాంబుల్‌లో వెలువడిన ఇస్లామీ వాతావరణ ప్రకటన సంపన్న దేశాలనూ, చమురు దేశాలనూ పేర్కొని, ఈ శతాబ్దం మధ్యనాటికే ఈ వాయువుల విసర్జనను మాన్పవలెనని కోరినది. 2023లో ఇండోనేషియా ఉలమా మండలి తన 86వ నంబరు ఫత్వాలో వాతావరణ సంక్షోభాన్ని పెంచే ప్రకృతి విధ్వంసాన్ని హరామ్ అని ప్రకటించినది. అయితే వరుసలో తోలేవాడు కూడా బాధ్యుడేనని హిదాయా చెప్పినది. నాయకుని తప్పు మన తప్పును కడిగివేయదు.

విద్యుత్తు కారు కొంటే సరిపోతుందనేవారున్నారు. అది మేలైన అడుగే. కాని మన దేశపు విద్యుత్తులో అధిక భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. రోడ్డుపై ఆక్రమించే చోటు కూడా తగ్గదు. వాహనం మారినంత మాత్రాన మితం అవసరం తీరిపోదు.

మసీదు దారి

ప్రారంభించదగిన చోటు దూరాన లేదు. జుమా నాడు స్నానం చేసి, ముందుగా బయలుదేరి, సవారీ ఎక్కకుండా నడచి మసీదుకు వచ్చేవానికి ప్రతి అడుగుకూ లభించే గొప్ప పుణ్యాన్ని అబూ దావూద్‌లోని హదీసు తెలుపుతున్నది. మసీదు కమిటీలు నడచి వచ్చేవారికి నీడ, నీరు ఏర్పాటు చేయవచ్చును. దూరం నుండి వచ్చేవారు ఒక బండిలో నలుగురు కూడి రావచ్చును. ఖతీబులు సంవత్సరంలో ఒక్క ఖుత్బానైనా దారి హక్కుపై ఇవ్వవచ్చును. మదరసాలలో పశువుల అధ్యాయాన్ని దాటిపోకుండా, గుర్రం ఉన్నచోట మోటారును ఉంచి విద్యార్థులచేత తర్కింపజేయవచ్చును. ముఫ్తీలు దుమ్ముకూ, రాయికీ మధ్య గీత ఎక్కడ గీయాలో మనకంటె బాగా చెప్పగలరు; వారిని ఆ ప్రశ్న అడగడం మన పని.

ఈ భూమిపై మనం కూడా వంతులవారీగా ఎక్కిన సవారులమే. మన వంతు తరువాత ఎక్కవలసినవారు, ఇంకా పుట్టనివారు, దారి పక్కన నిలబడి ఉన్నారు. వారి కళ్లలో పడేది దుమ్మా, రాయా అన్నది మన చేతిలో ఉన్న కళ్లాన్ని బట్టి ఉంటుంది. అద్దం దగ్గర అతికించిన దుఆను రేపు చదివేటప్పుడు మూడవ మాట వద్ద ఒక క్షణం ఆగుదాము. వల్లాహు ఆలమ్.